చీమకుర్తి క్వారీలో ఆరేళ్ళు చేశా, మైనింగ్ కోర్సు అంటే ఏది చేయాలి? ఫోన్ చేసి 38 వేలు కట్టమంటున్నారు

వైర్‌సా_కుర్రోడు (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది చీమకుర్తి పక్కన, రామతీర్థం వైపు. బీకాం పాసయ్యా కానీ ఆ సర్టిఫికెట్టు బీరువాలో మా అమ్మ చీరల కింద పడుంది. 2019లో గెలాక్సీ గ్రానైట్ క్వారీలో హెల్పరుగా దిగా, ముందు జాక్‌హ్యామర్ కాడ రాడ్లు అందించడం, తర్వాత వైర్ సా (డైమండ్ వైర్‌తో రాయి కోసే మిషన్) మీద పెట్టారు, రెండేళ్ళ నుంచి ఒక ఫేస్‌లో (రాయి తీసే చోట) పదిమందిని చూసుకునే పని నాదే కానీ జీతం మాత్రం సూపర్‌వైజర్ జీతం కాదు. మేనేజర్ గారిని అడిగితే "నీకు సర్టిఫికెట్ ఏదిరా, రేపు మైన్స్ సేఫ్టీ వాళ్ళొచ్చి ఈ ఫేస్‌కి ఎవరు బాధ్యుడు అంటే నీ పేరు నేనెట్టా రాసేది" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు.

పోయిన నెల ఇంకోటి జరిగింది. కోత మధ్యలో డైమండ్ వైర్ తెగింది. నేను వైర్ లైన్‌లో లేను కాబట్టి సరిపోయింది, వెనక నీళ్ళ డ్రమ్ముకి వైర్ మీదుండే ఒక బీడ్ (డైమండ్ పూస) తగిలి అటు నుంచి ఇటు బొక్క. మా హెల్పరు అర నిమిషం ముందు అక్కడే నిలబడి బీడీ ముట్టించుకున్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలా. వాడిని అక్కడ నిలబడొద్దని నేనెప్పుడూ చెప్పలేదు, నాకూ ఎవరూ చెప్పలేదు.

అప్పటి నుంచి కోర్సుల కోసం నెట్‌లో వెతుకుతా ఉంటే ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు రోజూ ఫోన్. మూడు నెలలు ఆన్‌లైన్, మైనింగ్ సేఫ్టీ డిప్లొమా, 38 వేలు, అయిపోగానే మైన్ ఫోర్‌మన్ జాబ్ గ్యారంటీ అంట. మా నాన్న "కట్టరా, చదువు కదా" అంటున్నాడు, ఇంకోపక్క మా బామ్మర్ది మేట్ (ఫేస్ మీద పనివాళ్ళకి బాధ్యుడు) పరీక్ష రాయమంటాడు, ఇంకొకడు బ్లాస్టర్ (మందు పేల్చేవాడు) అంటాడు. ఇంగ్లీష్ అంతంత మాత్రం. ఏది నిజంగా పనికొస్తదో చెప్పండి, పెళ్ళి కూడా కుదిరేట్టు ఉంది కాబట్టి డబ్బులు గాల్లో పెట్టే పరిస్థితి లేదు.

సైదాపురం_పెద్దాయన

అబ్బాయ్, ముందు ఆ ఫోన్ బ్లాక్ చెయ్. మైన్ ఫోర్‌మన్ అనేది ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే ఉద్యోగం కాదు, అది డీజీఎంఎస్, అంటే మీ మేనేజర్ చెప్పిన మైన్స్ సేఫ్టీ వాళ్ళు, ఇచ్చే సర్టిఫికెట్టు, ధన్‌బాద్ నుంచి రావాల. మేట్, బ్లాస్టర్, ఫోర్‌మన్, సెకండ్ క్లాస్ మేనేజర్, ఫస్ట్ క్లాస్ మేనేజర్, అన్నీ వాళ్ళవే. వాళ్ళ పరీక్ష పాసవకుండా ఎన్ని డిప్లొమాలు గోడకి తగిలించుకున్నా ఫేస్ మీద నీ పేరు రాయడానికి పనికిరాదు. నాకు తెలిసినోళ్ళ పిల్లోడు ఇట్టాంటిదే ఒకటి కట్టి, బంగారు రంగు అంచున్న సర్టిఫికెట్టు తెచ్చుకోని, ఇప్పుడు పెట్రోల్ బంకులో ఉండాడు.

నేను ముప్పై ఏళ్ళు ఈ పనిలోనే ఉండా, ముందు మైకా గనుల్లో, అవి మూతబడ్డాక క్వార్ట్జ్‌లో. అందుకని నాకు తెలిసింది చెప్తుండా. మన గ్రానైట్, క్వార్ట్జ్, మైకా ఇవన్నీ బొగ్గు కాదు కదా, 1961 మెటల్లిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ కిందకొస్తాయి. బొగ్గు వైపు సిర్దార్, ఓవర్‌మన్ అంటారు, సింగరేణి వైపు వినుంటావు, మన వైపు దానికి మేట్, ఫోర్‌మన్. ఆ రెండూ కలిపేసి చెప్పేవాడు దొరికితే వాడికి ఏమీ తెలవదని అర్థం చేసుకో. ఇంకోటి, రిస్ట్రిక్టెడ్ అని అన్‌రిస్ట్రిక్టెడ్ అని రెండు ఉంటాయి, రిస్ట్రిక్టెడ్ అంటే ఓపెన్‌కాస్ట్ వరకే, భూమి లోపలి గనికి పనికిరాదు. నువ్వు చీమకుర్తి వదిలి పోయేది లేదు గదా, నీకు అది చాలు.

నీ లెక్కలో మొదటి మెట్టు మేట్. ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ కావాల, సెయింట్ జాన్ ఆంబులెన్స్ వాళ్ళది. మెడికల్ ఫిట్‌నెస్ కావాల. పని అనుభవం కాగితం కావాల, ఇది అన్నిటికంటే ముఖ్యం, దీని గురించి ఇంకెవరైనా రాస్తారేమో చూద్దాం. నోటిఫికేషన్ వచ్చినప్పుడు డీజీఎంఎస్ సొంత వెబ్‌సైట్‌లోనే చూసుకో, వాట్సాప్‌లో తిరిగేది నమ్మబాక. డౌటుంటే నెల్లూరులోనే వాళ్ళ రీజియన్ ఆఫీసు ఉంది, పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగొచ్చేస్తావు, వాళ్ళేమీ తినరు.

ఇంక చదువు సంగతి. నేను మేట్ పరీక్షకి పోయినప్పుడు అప్పట్లో నోటితో అడిగేవాళ్ళు. పన్నెండేళ్ళ అనుభవం ఉండాది, నాకు తెలవంది ఏముంది అనుకోని కాలర్ ఎగరేసుకోని పోయినా. ఎదురుగా ఉన్నాయన కాగితం మీద ఒక గీత గీసి, ఇది పాత బోరు, పేల్చినాక అడుగున ఇంత సాకెట్ మిగిలింది, నీ డ్రిల్లర్ ఏం చేస్తాడు అన్నాడు. నేను నిజం చెప్పేసినా. అందులోనే రాడ్ పెడతాడు సార్, జారకుండా సులువుగా దిగుద్ది అని. ఆయన పెన్ను మూత పెట్టేసి మళ్ళీ సారి రాపో అన్నాడు. ఆ సాకెట్లో పేలని మందు మిగిలుంటే రాడ్ తగిలినప్పుడే పేలుద్ది, అందుకే పాత సాకెట్లో బోరు వేయకూడదని రూలు. పన్నెండేళ్ళు మేము రోజూ చేసిన పని అదే. మేస్త్రీ చేసినాడు, ఆయన్ని చూసి నేను చేసినా, నన్ను చూసి ఇంకొకడు. మా ఆయుష్షు గట్టిది, అంతే.

కాబట్టి నీకు అన్నీ తెలుసు అని మాత్రం పోబాక. నీ వైర్ సంగతి కూడా అంతే గదా.

టైమాఫీసు_మూల

పెద్దాయన అనుభవం కాగితం ఇంకొకరికి వదిలేశారు కాబట్టి నేను అందుకుంటున్నా. నేను క్వారీల్లో టైమాఫీసు పని చేశా, ఎక్కడ అనేది వద్దు.

తమ్ముడూ నీ ఆరేళ్ళు నీ ఒంటికి తెలుసు, మీ అమ్మకి తెలుసు, కాగితానికి తెలుసా? అది చూసుకో ముందు. చాలా చోట్ల ఏం జరుగుద్దంటే మనిషి పనిచేసేది క్వారీలో, పేరుండేది కాంట్రాక్టర్ నోట్‌బుక్కులో, నెలాఖరుకి చేతికి డబ్బులు, అంతే. ఫారం బి రిజిస్టర్ అంటారు, పనిచేసే వాళ్ళ రిజిస్టరు, అందులో పేరు, చేరిన తేదీ, హోదా ఉండాలి. రేపు మేనేజర్ నీకు అనుభవం సర్టిఫికెట్ రాసివ్వాలంటే ఈ రిజిస్టర్ చూసే రాయాలి, లేకపోతే ఆయన సంతకానికే ముప్పు. నీ హోదా హెల్పరు అనే ఉందా, వైర్ సా ఆపరేటర్ అని మార్చారా అనేది కూడా చూడు.

రెండోది వీటీ. 1966 వొకేషనల్ ట్రైనింగ్ రూల్స్ ప్రకారం కొత్తగా గనిలో చేరే ఎవడికైనా పనిలో దించే ముందు ట్రైనింగ్ ఇవ్వాలి, మళ్ళీ ఐదేళ్ళకోసారి రిఫ్రెషర్. చిన్న క్వారీలన్నీ కలిసి గ్రూప్ వీటీ సెంటర్ పెట్టుకోవచ్చు. నువ్వు వెళ్ళావా? నాకు తెలిసి ఒక చోట జనాన్ని లైన్లో నిలబెట్టి సంతకాలు తీసుకోని టీ బిస్కెట్ ఇచ్చి పంపించారు, ఆ ఫోటోలు ఫైల్లో పెట్టారు, అదే ట్రైనింగ్. ఆ కాగితాలు సర్దింది నేనే, ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. వైర్ లైన్‌లో నిలబడకూడదు అనేది మొదటి రోజు చెప్పాల్సిన మాట, నీకు ఆరేళ్ళకి నీళ్ళ డ్రమ్ము చెప్పింది.

ఇంకో హెచ్చరిక, కొంతమంది ఏజెంట్లు అనుభవం సర్టిఫికెట్ కూడా మేమే ఇప్పిస్తాం అంటారు, ఎప్పుడో మూతబడ్డ క్వారీ పేరు మీద. దాని జోలికి పోవద్దు. దొరికితే ఆ పరీక్షే కాదు, ఇంకెప్పుడూ ఏ పరీక్షా ఉండదు నీకు.

టిప్పర్_నుంచి_డంపర్

అందరూ ప్రైవేట్ కోర్సులంటే మోసం అన్నట్టు మాట్లాడుతున్నారు, నేను ఒప్పుకోను. నేను పదో తరగతి ఫెయిల్. కనిగిరి. టిప్పర్ తోలేవాణ్ణి, బళ్ళారి సండూరు వైపు ఐరన్ ఓర్ గనుల్లో డంపర్ ఆపరేటర్‌గా ఐదేళ్ళు చేసొచ్చా, ఎట్టా పోయానంటే మైనింగ్ స్కిల్ కౌన్సిల్ అని ఒకటి ఉంది, కేంద్ర స్కిల్ మిషన్ కిందది, వాళ్ళ అసెస్‌మెంట్ రాసి సర్టిఫికెట్ తీసుకున్నా. ఆర్‌పీఎల్ అంటారు, అంటే ఆల్రెడీ పని వచ్చినోడికి కొన్ని రోజులు చెప్పి పరీక్ష పెట్టి కాగితం ఇవ్వడం. నాకు రూపాయి ఖర్చు కాలా. ఎక్స్‌కవేటర్, డంపర్, జాక్‌హ్యామర్ ఇట్టా రకరకాలు ఉంటాయి.

అది మేట్ సర్టిఫికెట్ కాదు, నిజమే, ఫేస్ మీద బాధ్యుడిగా పెట్టరు. కానీ ఆపరేటర్ పనికి ఇంటర్వ్యూలో పక్కనోడికంటే ముందు నన్ను పిలిచారు. ఎక్కడికి పోయినా మళ్ళీ అక్కడి మేనేజర్ బండి తోలించి చూసి రాసివ్వాలనుకో, అది వేరే. క్వారీలో అందరూ సూపర్‌వైజర్లే అయితే బండి ఎవడు తోలాలి? ఈ తమ్ముడికి ఇంగ్లీష్ రాదంటున్నాడు, రూల్ నంబర్లు బట్టీ కొట్టడం కంటే వైర్ సా మీదే ఇంకా పైకి పోవచ్చు కదా, మంచి వైర్ సా ఆపరేటర్‌కి రాజస్థాన్‌లో కూడా పని ఉంది.

సైదాపురం_పెద్దాయన

డంపర్ తమ్ముడూ నువ్వు చెప్పింది కరెక్టే, కాదనలా. ఊరికే వచ్చే కోర్సు ఊరికే చెయ్యొచ్చు. కానీ ఈ అబ్బాయి ఇప్పటికే పదిమందిని చూస్తుండాడు. రేపు ఏదన్నా అయితే, నీకు ఏ అధికారంతో వీళ్ళని పనిలో దించావు అని ముందు వీడినే అడుగుతారు. జీతం లేకుండా బాధ్యత మోస్తుండాడు, అది నాకు నచ్చలా.

ఇంగ్లీష్‌కి భయపడబాక అబ్బాయ్. ఆ భాష రోజూ వాడేదే, బెంచి, ఫేస్, మిస్‌ఫైర్, ఓవర్‌హ్యాంగ్, నీకు తెలవని మాటలా ఇవి? రెగ్యులేషన్స్ పుస్తకం ఒకటి కొనుక్కో. మొత్తం చదవబాక, నిద్రొస్తది. 106 దగ్గర మొదలుపెట్టు, అది ఓపెన్‌కాస్ట్‌ది. మట్టి, మొరం లాంటి మెత్తటి చోట పక్కలు వాలుగా కోయాల, లేదంటే బెంచి ఎత్తు ఒకటిన్నర మీటరు దాటకూడదు, వెడల్పు ఆ ఎత్తుకి తగ్గకూడదు. అది చదివినాక పొద్దున మీ క్వారీ పైన ఓబీ (రాయి మీదుండే మట్టి) తీసే కాడికి పోయి నిలబడి చూడు. పుస్తకంలో ఉండేదీ ఎదురుగా ఉండేదీ ఒకటేనా కాదా అని. అట్టా చదివితే మర్చిపోవు. అడుగున తవ్వి పైన కొమ్ములాగా వదిలేయడం అసలు కుదరదు అని కూడా ఉంటది, అది చూసినాక మీ పొక్లెయిన్ వాడిని చూడు.

బ్లాస్టర్ సంగతి అడిగినావు. మీ గెలాక్సీలో బ్లాకు పగలకుండా తీయాల కాబట్టి మందు తక్కువ, వైర్ ఎక్కువ, నీకు మేట్ తర్వాత చూసుకోవచ్చు. కానీ ఒకటి గుర్తుపెట్టుకో, పెసో (పేలుడు పదార్థాల మీద ఉండే కేంద్ర సంస్థ) వాళ్ళిచ్చే షాట్‌ఫైరర్ పర్మిట్ వేరు, డీజీఎంఎస్ బ్లాస్టర్ సర్టిఫికెట్ వేరు. బావులు, రోడ్డు పనులు చేసేవాళ్ళు మొదటిది పట్టుకోని గనిలోకి వస్తారు, చెల్లదు.

రాళ్ళమ్మాయి_పొదలకూరు

ఎక్కువమంది మేట్ గురించే రాశారు కానీ ఈ థ్రెడ్ చదివే డిగ్రీ పిల్లలు కూడా ఉంటారు కదా అని రాస్తున్నా. నేను ఎమ్మెస్సీ జియాలజీ, సైదాపురం బెల్ట్‌లో క్వార్ట్జ్, ఫెల్‌స్పార్ లీజుల పని చేస్తా, నేను ఫీల్డుకి వెళ్తే మొదట్లో డ్రైవర్‌నే సార్ అనేవాళ్ళు.

మా నెల్లూరు జిల్లాకి సంబంధించి పెద్ద మార్పు ఏంటంటే 2015 ఫిబ్రవరిలో కేంద్రం 31 ఖనిజాలని మైనర్ లిస్టులో వేసింది, అందులో మన మైకా, క్వార్ట్జ్, ఫెల్‌స్పార్ కూడా ఉన్నాయి, దాంతో అన్నీ రాష్ట్రం చేతిలోకి వచ్చాయి. 2025 ఫిబ్రవరి 20న మళ్ళీ ఈ మూడింటినీ, మంగంపేట బెరైటీస్ రాయిని కలిపి, మేజర్ మినరల్స్ చేశారు. ఎందుకంటే ఇవి దొరికే పెగ్మటైట్ రాళ్ళలోనే లిథియం, బెరిల్, నియోబియం, టాంటలం లాంటివి కూడా ఉండే అవకాశం ఉంది, మైనర్ లీజుల్లో వాటి లెక్క ఎవరూ చెప్పడం లేదు, తవ్వినోడు క్వార్ట్జ్ ఏరుకోని మిగతాది డంపులో పోసేవాడు. ఇప్పుడు నాగపూర్ ఐబీఎమ్ (గనుల మీద ఉండే కేంద్ర సంస్థ, ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్) దగ్గర రిజిస్ట్రేషన్, వాళ్ళ పద్ధతిలో మైనింగ్ ప్లాన్, రిటర్న్స్ అన్నీ కావాలి. దీనివల్ల నాకు తెలిసిన లీజుదార్లు నిన్నటిదాకా జియాలజిస్ట్ ఎందుకమ్మా అన్నవాళ్ళు ఇప్పుడు వాళ్ళే ఫోన్ చేస్తున్నారు.

కాబట్టి జియాలజీ, సర్వే చదివిన వాళ్ళు డబ్బులు పెట్టాలంటే మైన్ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్, డ్రోన్ సర్వే లాంటి వాటి మీద పెట్టండి, అదీ నేర్పే చోట నిజమైన గని డేటా ఇచ్చి చేయిస్తేనే. నేను ఒక చోట చేరితే మూడు వారాలూ ఎక్కడిదో ఒకే డెమో ఫైల్ తిప్పించారు, రంగులు మార్చడం బాగా వచ్చింది. మైన్ సర్వేయర్‌కి కూడా డీజీఎంఎస్ సర్టిఫికెట్ పరీక్ష ఉంది, అది చాలామందికి తెలియదు.

వైర్‌సా అన్నకి మాత్రం ఇవేవీ అక్కర్లేదు, పెద్దాయన చెప్పిందే చేయండి.

కొత్తగా_చేరా

మధ్యలో అడుగుతున్నందుకు సారీ. మా తమ్ముడు మైనింగ్ డిప్లొమా ఫైనలియర్. వాడు కూడా మేట్ నుంచి మొదలుపెట్టాలా?

టైమాఫీసు_మూల

అక్కర్లేదు. డిప్లొమా వాళ్ళు చదువు అయ్యాక గనిలో ప్రాక్టికల్ ట్రైనింగ్ చేయాలి, పీడీపీటీ అంటారు, చెన్నైలో ఉన్న అప్రెంటిస్‌షిప్ బోర్డు ద్వారా, స్టైపెండ్ వస్తుంది. అది పూర్తిచేసి ఫోర్‌మన్ వైపు పోవచ్చు. ఇంటి దగ్గర ఉందని చిన్న క్వారీలో చేయకుండా పెద్ద గనిలో చేయమను, ఆ ఒక్క ఏడాదిలో చూసిందే తర్వాత పదేళ్ళు తింటాడు. ట్రైనింగ్ పూర్తయిన కాగితం మీద సంతకం తెచ్చుకోకుండా ఊరికి రావొద్దను, తర్వాత ఆ మేనేజర్ బదిలీ అయిపోతే వెతుక్కుంటూ తిరగాలి.

మార్కాపురం_పలక

కోర్సుల గురించి నాకు తెలియదు. ఒకటి మాత్రం రాయాలనిపించింది. మా నాన్న పలకల దగ్గర కోత మిషన్ మీద ఇరవై ఏళ్ళు చేశాడు. దగ్గు వస్తే టీబీ అని మందులు వాడారు, తగ్గలా, మళ్ళీ వాడారు. చివరికి ఒక డాక్టర్ ఎక్స్‌రే చూసి ఏం పని చేసేవాడివి అని అడిగాడు. అప్పటిదాకా ఎవరూ అడగలేదు ఆ మాట. సిలికోసిస్. గనుల చట్టంలో అది తప్పనిసరిగా రిపోర్ట్ చేయాల్సిన జబ్బు అని మాకు ఆయన పోయాక తెలిసింది.

గనిలో చేసేవాళ్ళకి చేరేటప్పుడు ఒకసారి, తర్వాత ఐదేళ్ళకోసారి మెడికల్ చేయించాలి, ఎక్స్‌రేతో సహా. వైర్ సా తమ్ముడూ నీకు ఆరేళ్ళంటే ఈపాటికి రెండోసారి కూడా అయుండాలి. నీ చేతిలో ఆ కాగితం ఉందా? నీళ్ళు పెట్టకుండా డ్రిల్లింగ్ చేస్తుంటే ఆపించు, నువ్వు ఆ పదిమందికి చెప్పగలవు కదా.

వైర్‌సా_కుర్రోడు

అందరికీ చాలా థాంక్స్, ఇంతమంది రాస్తారనుకోలా. 38 వేల వాళ్ళకి డీజీఎంఎస్ సర్టిఫికెట్ మీరే ఇస్తారా అని అడిగా, "దానికి ఈక్వల్ సార్" అన్నాడు, రాసివ్వు అంటే లైన్ కట్ చేశాడు, మళ్ళీ రాలా.

మార్కాపురం అన్నా, మెడికల్ ఒక్కసారే అయింది, 2021లో. ఎక్స్‌రే తీశారు కానీ నాకు చూపించలేదు, అడగాలని కూడా తెలియదు. మా ఫేస్‌లో డ్రిల్లింగ్‌కి నీళ్ళ పైపు ఉంది కానీ మోటర్ కాలిపోయి నెలైంది, నిన్న ఆ విషయం మీద గట్టిగానే మాట్లాడా, ఈరోజు మోటర్ వచ్చింది. హెల్పర్లని వైర్ లైన్‌లోంచి జరిపి తాడు కట్టించా, అదేంటి పెళ్ళిపందిరా అని నవ్వారు, నవ్వుకోనీ.

అసలు సంగతి ఏంటంటే టైమాఫీసులో రిజిస్టర్ చూపించమన్నా. మొదట ఎందుకన్నారు, తర్వాత చూపించారు. నా పేరు ఉంది కానీ చేరిన తేదీ 2023 అని ఉంది, ఇంటిపేరు కూడా తప్పు. ముందు నాలుగేళ్ళు కాంట్రాక్టర్ కింద ఉన్నావు, అది మా లెక్కలోకి రాదు అన్నారు. ఆ కాంట్రాక్టర్ ఇప్పుడు వేరే చోట ఉన్నాడు, ఫోన్ ఎత్తడం లేదు. అంటే నా నాలుగేళ్ళు పోయినట్టేనా?

సైదాపురం_పెద్దాయన

పోలా. తొందరపడి ఎవరితోనూ గొడవ పెట్టుకోబాక. ఆ నాలుగేళ్ళలో నీకు పీఎఫ్ కట్టినాడా కాంట్రాక్టరు? యూఏఎన్ నంబర్ ఉంటే పాస్‌బుక్ తీసి చూడు, ఎప్పటి నుంచి పడిందో అందులో ఉంటది. 2021 మెడికల్ అన్నావు గదా, ఆ కాగితం నకలు అడుగు, దాని మీద ఏ క్వారీ పేరుందో చూడు. 2023లో చేరినోడికి 2021లో మెడికల్ ఎట్టా చేయించినారని మేనేజర్‌ని మెల్లగా అడుగు. ఆయన మాటలో తప్పు లేదన్నావు గదా, ఆయనకే అర్థమైతది. ఇంటిపేరు మాత్రం ఈ వారమే ఆధార్ ఇచ్చి దిద్దించుకో, పరీక్ష అప్లికేషన్‌లో అదే పెద్ద తలనొప్పి.

వచ్చే ఆదివారం మా మేనకోడలి ఇంటికి ఒంగోలు వస్తుండా. ఉన్న కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టుకోని రా, బస్టాండ్ ఎదురుగా కూచోని చూద్దాం. నా పాత రెగ్యులేషన్స్ పుస్తకం కూడా తెస్తా, అట్ట ఊడిపోయింది కానీ 106 కాడ పేజీ మడత పెట్టే ఉంది.